ఎనభై ఏండ్ల అవ్వ – అందాల పోటీ



హైదరాబాదు నుంచి బొంబాయి పోయే పెద్ద రోడ్డు మీద పటాన్‌చెరు ఉంది. పటాన్‌చెరు దాటితే ఇస్నాపూర్ వస్తుంది. అక్కడి నుంచి లోపలికి పోతే పాశమైలారం. ఇంకో దిక్కు బొల్లారం, గడ్డపోతారం. ఎటు చూసినా కార్ఖానాలే. మందుల కంపెనీలు, ఇనుము కంపెనీలు, రసాయనాల కంపెనీలు. పొద్దున షిఫ్టు టైముకు రోడ్డంతా మనుషులే. వాళ్లలో ఆడవాళ్లు కూడా చాలామంది. టిఫిను డబ్బా చేతిలో పట్టుకొని గబగబా నడుస్తుంటారు.

మందుల కంపెనీలో పని చేసే అక్కలకు ఒక సంగతి తెలుసు. గోలీలు తయారయ్యే చోటికి పోవాలంటే గాజులు తీయాలి. ఉంగరం తీయాలి. ముఖానికి పౌడరు ఉండొద్దు. గోళ్లకు రంగు ఉండొద్దు. వెంట్రుకలన్నీ టోపీలో దోపాలి. మూతికి మాస్కు కట్టాలి. మందులో ఏమీ పడకూడదు కదా! అందుకే ఆ నియమం. అది మంచిదే. పని చేసినంతసేపు కండ్లు తప్ప ఇంకేమీ కనబడవు. ఎవరు అందగత్తె, ఎవరు కాదు, ఎవరి తల నెరిసింది అనేది లోపల ఎవరికీ తెలియదు.

బయటికి వచ్చినాక మాత్రం సంగతి వేరు.

అట్లాంటి ఒక వాడకట్టులో ఒకనాటి సాయంత్రం అమ్మలక్కలు కూడి పేపరు చదువుతున్నారు. అది 2024 అక్టోబరు నెల. పేపరులో ఒక బొమ్మ ఉంది. బొమ్మలో ఒక ముసలావిడ నిలబడి ఉంది.

“ఇదేందే బిడ్డా! ఈ అవ్వకు తలంతా తెల్లగున్నది. ఇంత మెరిసే బట్టలు కట్టింది. ఎవరీమె?” అని ఒక పెద్దమ్మ అడిగింది.

చదువుతున్న పిల్ల చెప్పింది. “పెద్దమ్మా, ఈమె అందాల పోటీకి పోయిందంట. వయసు ఎనభై ఏండ్లంట.”

అందరూ పక్కున నవ్వారు.

“ఎనభై ఏండ్లకు అందాల పోటీనా? కాటికి కాళ్లు చాపుకొని సోకులా?” అన్నది ఒక వదిన.

ఒక అక్క మాత్రం నవ్వలేదు. ఆమె కార్ఖానాలో ప్యాకింగు పని చేస్తుంది. యాభై దాటింది. భర్త చనిపోయి ఏడేండ్లయింది. నెలకొకసారి తలకు నల్ల రంగు వేసుకుంటుంది. సోకు కోసం కాదు. తెల్ల వెంట్రుకలు కనబడితే కాంట్రాక్టరు మనిషి తనను పక్కకు పెడతాడని ఆమె భయం.

“నవ్వుడు తర్వాత. ముందుగాల చదువు పిల్లా. ఆ అవ్వ సంగతేందో విందాం” అన్నది ఆ అక్క.

మనమూ విందాం.

ఆ అవ్వ ఎవరు?

ఆ అవ్వ పేరు చోయ్ సూన్ హ్వా. ఆమెది దక్షిణ కొరియా దేశం. ఆమె గొప్పింటి మనిషి కాదు. సినిమా తార కాదు. ఆసుపత్రిలో రోగుల దగ్గర ఉండి సేవ చేసే పని చేసింది. రోగిని లేపడం, తుడవడం, తినిపించడం ఆమె పని. అప్పులు ఉండేవి. అందుకే వయసు మళ్లినా పని మానలేదు.

ఒకసారి ఆమె సేవ చేస్తున్న రోగి ఒకరు ఆమెతో ఒక మాట అన్నారు. “నువ్వు మోడల్ పని ఎందుకు చేయకూడదు?” అని. మోడల్ అంటే కొత్త బట్టలు వేసుకొని పది మంది ముందు నడిచి చూపించే మనిషి. ఆ మాట ఆమె మనసులో నాటుకుంది. ఆ పని నేర్చుకోవడం మొదలుపెట్టింది. 2018లో రాజధాని సియోల్ నగరంలో పెద్ద ప్రదర్శనలో నడిచింది. అప్పటికే ఆమెకు 70 ఏండ్లు దాటాయి.

2024 సెప్టెంబరు 30న ఆ దేశంలో ‘మిస్ యూనివర్స్ కొరియా’ పోటీ జరిగింది. ఆ పోటీలో ఆమె కూడా నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమెకు మనవరాళ్ల ఈడు పిల్లలు. ఆమె పాట కూడా పాడింది. కిరీటం ఆమెకు రాలేదు. 22 ఏండ్ల పిల్ల గెలిచింది. కాని చక్కగా బట్టలు ధరించినందుకు ఇచ్చే బహుమతి మాత్రం ఈ అవ్వకే వచ్చింది.

కిరీటం రాలేదు. అయినా ఆమె పేరు దేశదేశాలకు తెలిసింది.

అసలు అందాల పోటీ అంటే ఏమిటి?

మనలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. వరుసగా ఆడపిల్లలు నడుస్తారు. భుజం మీద నుంచి పట్టీ వేసుకుంటారు. దాని మీద వాళ్ల దేశం పేరు రాసి ఉంటుంది. ఎదురుగా కొందరు కూర్చొని మార్కులు వేస్తారు. ఒకసారి సంప్రదాయ దుస్తుల్లో నడవాలి. ఒకసారి ఆటో పాటో చూపించాలి. చివరికి ఒక ప్రశ్న అడుగుతారు. దానికి జవాబు చెప్పాలి. గెలిచిన వారి తల మీద కిరీటం పెడతారు.

వీటిలో రెండు పోటీలు పేరు మోసినవి. ఒకటి ‘మిస్ వరల్డ్’. ఇది 1951లో ఇంగ్లండులోని లండన్ నగరంలో మొదలైంది. రెండోది ‘మిస్ యూనివర్స్’. ఇది 1952లో అమెరికాలో మొదలైంది.

మన దేశం నుంచి మొదట మిస్ వరల్డ్ గెలిచిన ఆమె రీటా ఫారియా. అది 1966 సంవత్సరం. అప్పుడామె డాక్టరు చదువు చదువుతున్నది. గెలిచిన తర్వాత కూడా చదువు విడవలేదు. డాక్టరు అయింది.

1994లో ఒకే ఏడాది రెండు కిరీటాలూ మన దేశానికి వచ్చాయి. సుస్మితా సేన్ మిస్ యూనివర్స్ అయింది. ఐశ్వర్యా రాయ్ మిస్ వరల్డ్ అయింది. సుస్మితా సేన్ పుట్టింది మన హైదరాబాదులోనే. 1997లో మిస్ వరల్డ్ అయిన డయానా హేడెన్ కూడా హైదరాబాదు పిల్లే.

మరి వీళ్లందరిలో పోలిక ఏమిటి? అందరూ పడుచువాళ్లు. పెళ్లి కానివాళ్లు. అప్పటి నియమం అదే.

వయసు గీత చెరిగింది

మిస్ యూనివర్స్ పోటీలో చాలా కాలం ఒక గీత ఉండేది. 18 ఏండ్లు నిండాలి. 28 దాటకూడదు. పెళ్లయితే వద్దు. పిల్లలుంటే వద్దు.

ఆ గీతను రెండు విడతల్లో చెరిపారు. 2023 పోటీ నుంచి పెళ్లయినవారిని, తల్లులను కూడా రానిచ్చారు. 2024 పోటీ నుంచి పైవయసు గీతను తీసేశారు. 18 నిండితే చాలు. 30 అయినా, 60 అయినా, 80 అయినా రావచ్చు. అందుకే కొరియా అవ్వ రాగలిగింది.

ఆమె ఒక్కతే కాదు. అర్జెంటీనా అనే దేశంలో అలెహాండ్రా రోడ్రిగేజ్ అనే ఆమె ఉంది. ఆమె వకీలు. పత్రికల్లో కూడా పని చేసింది. వయసు 60 ఏండ్లు. 2024 ఏప్రిల్‌లో ఆమె బ్యూనస్ ఏరీస్ అనే రాష్ట్రానికి జరిగిన పోటీలో గెలిచింది. తర్వాత మే నెలలో దేశం మొత్తానికి జరిగిన పోటీకి పోయింది. అక్కడ కిరీటం రాలేదు. చక్కని ముఖానికి ఇచ్చే బహుమతి వచ్చింది.

అదే ఏడాది అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం పోటీలో 71 ఏండ్ల ఆమె నిలబడింది. ఆమె పేరు మరిస్సా టైహో.

మిస్ వరల్డ్ పోటీ మాత్రం వేరు. అందులో ఇప్పటికీ పడుచువాళ్లే, పెళ్లి కానివాళ్లే ఉంటారు.

పెళ్లయిన ఆడవాళ్ల కోసం ‘మిసెస్ వరల్డ్’ అనే పోటీ ఉంది. అది 1984 నుంచి జరుగుతున్నది. 2001లో మన దేశపు డాక్టరు అదితి గోవిత్రికర్ అందులో గెలిచింది. అప్పటికి ఆమె ఒక బిడ్డ తల్లి. మళ్లీ 2022లో జమ్మూకు చెందిన సర్గమ్ కౌశల్ గెలిచింది. మన దేశంలో జరిగే కొన్ని పోటీల్లో 40 దాటినవారికి, 60 దాటినవారికి వేరే విభాగాలు కూడా పెడుతున్నారు. హైదరాబాదులో కూడా ఇట్లాంటి ఎంపికలు జరుగుతున్నాయి.

“అంటే మనం కూడా పోవచ్చన్నట్టు!” అన్నది వాడకట్టు వదిన, నవ్వుకుంటూ.

“పోవచ్చు వదినా. కాని ఇంకా చాలా ఉంది. పూర్తిగా విను” అన్నది చదివే పిల్ల.

ఇది మంచిదా, చెడ్డదా?

అందాల పోటీల మీద మన దేశంలో పెద్ద పెద్ద గొడవలు జరిగాయి.

1996 నవంబరు 23న మిస్ వరల్డ్ పోటీ బెంగళూరులో జరిగింది. దాన్ని ఆపాలని మహిళా సంఘాలు ఊరేగింపులు తీశాయి. రైతు సంఘాలు, కొన్ని రాజకీయ పార్టీలు కూడా కలిసినాయి. కొందరు ఇది మన పద్ధతి కాదన్నారు. మహిళా సంఘాలు వేరే మాట అన్నాయి. “ఆడదాన్ని సంతలో పశువును చూసినట్టు చూస్తున్నారు. కొలతలు కొలుస్తున్నారు. ఆమె పేరు మీద కంపెనీలు సరుకు అమ్ముకుంటున్నాయి” అన్నాయి. గొడవ పెద్దదయింది. ఈత బట్టల్లో నడిచే భాగాన్ని వేరే దేశంలో, సీషెల్స్ దీవుల్లో జరిపారు. కొన్నేండ్ల తర్వాత, 2015 నుంచి, మిస్ వరల్డ్ వాళ్లు ఆ భాగాన్నే తీసేశారు. ఆడవాళ్లు అడిగిన మాట వట్టిగా పోలేదన్న మాట.

2025 మే నెలలో అదే పోటీ మన హైదరాబాదులో జరిగింది. నూరుకు పైగా దేశాల నుంచి పిల్లలు వచ్చారు. పోచంపల్లిలో చీరల నేత చూశారు. రామప్ప గుడి చూశారు. యాదగిరిగుట్టకు పోయారు. మే 31న థాయిలాండ్ దేశపు ఓపల్ సుచాతా గెలిచింది.

దీన్ని మెచ్చుకున్నవారు ఉన్నారు. మన చీరలు, మన గుళ్లు లోకమంతా చూస్తుందని వాళ్లన్నారు. తప్పుపట్టినవారూ ఉన్నారు. రామప్ప దగ్గర పోటీ పిల్లలు కాళ్లు కడుక్కుంటుంటే మన ఆడవాళ్ల చేత నీళ్లు పోయించారు, కాళ్లు తుడిపించారు. ఆ బొమ్మలు టీవీలో వచ్చాయి. అది అతిథి మర్యాద అని కొందరు అన్నారు. మన ఆడబిడ్డలకు తలవంపులని చాలామంది బాధపడ్డారు.

మరి ముసలివాళ్లు పోటీలో నిలబడడం సంగతి ఏమిటి? దానిలోనూ రెండు మాటలు ఉన్నాయి.

ఒక మాట ఇది: “నలభై దాటితే ఆడదాని పని అయిపోయిందని లోకం అంటుంది. ఈ అవ్వలు నిలబడి, మేము ఇంకా ఉన్నామని చూపించారు. అది ధైర్యమే.”

రెండో మాట ఇది: “పడుచుపిల్లలను కొలిచే గజం బద్దతోనే ముసలివాళ్లను కూడా కొలుస్తున్నారు. ముడతలు లేకపోతే అందం, సన్నగుంటే అందం అంటున్నారు. ఎనభై ఏండ్లు వచ్చినా ఆడదానికి ఈ పరీక్ష తప్పదా?”

రెండు మాటల్లోనూ నిజం ఉంది. మగవాడికి తల నెరిస్తే పెద్దమనిషి అంటారు. ఆడదానికి నెరిస్తే ముసల్ది అంటారు. ఈ తేడాను కిరీటం ఒక్కటే పోగొట్టలేదు.

డబ్బు ఎటు పోతుంది?

ఏ పని చూసినా ఒక ప్రశ్న అడగాలి. ఇందులో డబ్బు ఎవరిది? లాభం ఎవరికి?

అందాల పోటీ జరపడానికి చాలా ఖర్చు అవుతుంది. క్రీములు, సబ్బులు, బట్టలు, నగలు అమ్మే కంపెనీలు డబ్బు ఇస్తాయి. బదులుగా తమ సరుకు పేరు అందరికీ కనబడేటట్టు చేసుకుంటాయి. గెలిచిన పిల్ల ఆ సరుకు చేతిలో పట్టుకొని బొమ్మ దిగుతుంది. ఆ బొమ్మ చూసి మన పిల్లలు దుకాణానికి పోతారు.

పోటీలో చేరేవారి దగ్గర కూడా డబ్బు తీసుకునే పోటీలు చాలా ఉన్నాయి. చేరడానికి ఫీజు. శిక్షణకు ఫీజు. బట్టలు, ముఖానికి అలంకరణ, రానుపోను చార్జీలు, హోటలు ఖర్చు వేరే. ఇంట్లో పెద్ద జీతం ఉన్నవాళ్లే ఇవన్నీ భరించగలరు. అందుకే ఈ పోటీల్లో కూలి చేసే అక్కలు కనబడరు.

ఈ ఆశను అడ్డం పెట్టుకొని మోసం చేసేవాళ్లూ ఉంటారు. “మీ అమ్మాయి బొమ్మ బాగుంది, పోటీకి ఎంపికయింది, డబ్బు పంపండి” అని ఫోను చేస్తారు. అట్లాంటి ఫోను వస్తే ఈ జాగ్రత్తలు తీసుకోండి:

పోటీ జరిపేది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. కాగితం మీద రాసి ఇమ్మనండి.

మొత్తం ఖర్చు ఎంతో ముందే అడగండి. రసీదు లేకుండా పైసా ఇవ్వకండి.

ఆధార్ కాగితం, బ్యాంకు నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఒంటి బొమ్మలు పంపమంటే పంపకండి. ఎంపిక అని ఒంటరిగా గదికి రమ్మంటే పోకండి. ఇంకొకరిని వెంట తీసుకుపోండి.

అందం పేరుతో ఆరోగ్యం పోగొట్టుకోవద్దు

అందం మాట వచ్చింది కనుక మూడు సంగతులు చెప్పుకుందాం. ఇవి పోటీకి పోయేవారికే కాదు. మనందరికీ కావలసినవి.

మొదటిది తెల్లబడే క్రీము. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అనే క్రీము మన దేశంలో 1975 నుంచి అమ్మారు. పేరులోనే తెలుపు ఉంది. నల్లగా ఉంటే తక్కువ అనే మాట తప్పని లోకమంతా గొంతెత్తింది. 2020లో ఆ కంపెనీయే పేరు మార్చుకుంది. కాని బజారులో ఇంకో రకం క్రీములు ఉన్నాయి. వాటిలో స్టీరాయిడ్ అనే మందు ఉంటుంది. రాసిన కొత్తలో ముఖం తెల్లగా, నున్నగా అయినట్టు కనబడుతుంది. తర్వాత చర్మం పలచబడుతుంది. ఎర్రబడుతుంది. ఎండకు మండుతుంది. మొటిమలు లేస్తాయి. ముఖం మీద వెంట్రుకలు కూడా రావచ్చు. మానేస్తే ఇంకా ఎక్కువ అవుతుంది. అందుకే 2018లో ప్రభుత్వం ఇట్లాంటి చాలా క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. కొన్ని క్రీముల్లో పాదరసం కూడా ఉంటుంది. అది మూత్రపిండాలను చెడగొడుతుంది. డాక్టరు రాయని క్రీము ముఖానికి రాయకండి.

రెండోది తల రంగు. నల్ల రంగు పొడుల్లో, డబ్బాల్లో ఒక రసాయనం ఉంటుంది. అది కొందరికి పడదు. దురద పుడుతుంది. నెత్తి మండుతుంది. కండ్లు, ముఖం వాస్తాయి. ‘నల్ల గోరింటాకు’ అని అమ్మే దానిలో కూడా ఇదే రసాయనం కలిపి ఉండవచ్చు. రంగు వేసుకునే ముందు చెవి వెనుక కొంచెం రాసి చూడండి. రెండు రోజులు ఆగండి. దురద, మంట లేకపోతేనే తలకు వేసుకోండి. నెత్తి మీద పుండ్లు ఉంటే వేసుకోకండి. కండ్లకు తగలనివ్వకండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. హైదరాబాదులో కిరీటం గెలిచిన ఓపల్ సుచాతాకు 16 ఏండ్ల వయసులో రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషను చేసి తీశారు. అది క్యాన్సరు కాదు. కాని ఆ భయం ఆమె మరిచిపోలేదు. అప్పటి నుంచి రొమ్ము క్యాన్సరు గురించి ఆడవాళ్లకు చెబుతున్నది. సిగ్గుపడి దాచుకోవద్దని చెబుతున్నది.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. వయసు పెరిగినకొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. రొమ్ములో గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన నుంచి నెత్తురు లేదా నీరు కారడం, చంకలో బిళ్ల వంటివి కనబడితే ఆలస్యం చేయవద్దు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో గడ్డ నొప్పి పెట్టకపోవచ్చు. 30 దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భసంచి ముఖద్వారం, నోటి క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ఉచితంగా చేస్తారు. మీ ఆశ కార్యకర్తను అడగండి.

వయసు దాచితే నష్టం ఎవరికి?

మన ప్యాకింగు అక్క ఇంతసేపు విని ఒక మాట అన్నది.

“ఆ అవ్వ పది మందిల నా వయసు ఎనభై అని చెప్పుకున్నది. నేనేమో యాభై రెండును నలభై అని చెప్పుకుంట బతుకుతున్న. పనిల పెట్టుకున్నప్పుడు కాగితం మీద గట్లనే రాయించిన.”

ఇది నవ్వే మాట కాదు. దీనిలో పెద్ద చిక్కు ఉంది.

కంపెనీలో మన జీతం నుంచి ప్రతి నెలా కొంత కోస్తారు. అది ప్రావిడెంట్ ఫండ్. దాన్నే పీఎఫ్ అంటాం. కంపెనీ కూడా కొంత కలపాలి. పదేండ్లు ఆ లెక్కలో పని చేసి ఉంటే 58 ఏండ్లు నిండినాక నెలనెలా పింఛను వస్తుంది. ఆ 58 ఏండ్లు ఎప్పుడు నిండాయో దేన్ని బట్టి చూస్తారు? రాసి ఉన్న పుట్టిన తేదీని బట్టి. పీఎఫ్ కాగితంలో ఒక తేదీ, ఆధార్ కార్డులో ఇంకో తేదీ ఉంటే డబ్బు ఆగిపోతుంది. వయసు తక్కువ రాయిస్తే పింఛను ఏండ్ల తరబడి వెనక్కి పోతుంది. పన్నెండేండ్లు తక్కువ రాయిస్తే పన్నెండేండ్ల తర్వాత గాని 58 నిండినట్టు లెక్క కాదు.

కనుక మీ ఆధార్ కార్డు తీయండి. మీరే చదవండి. పుట్టిన తేదీ ఎంత ఉంది? మీ పేరు సరిగ్గా ఉందా? పీఎఫ్ కాగితంలో, బ్యాంకు పుస్తకంలో అదే ఉందా? తేడా ఉంటే మీ కంపెనీ ఆఫీసులో చెప్పి సరిచేయించండి. వయసు మళ్లినాక చేద్దాం అనుకోవద్దు. ఇప్పుడే చేయాలి.

తెల్ల వెంట్రుకలు చూసి పని ఇవ్వకపోవడం తప్పే. ముప్పై ఏండ్లు పని చేసిన చేతికి నేర్పు ఎక్కువ ఉంటుంది. కాని ఆ తప్పును ఒక్క మనిషి రంగు డబ్బాతో సరిచేయలేదు. పది మంది కలిసి అడగాలి.

మన జిల్లా అవ్వలు

పది మంది ముందు ముసలి ఆడవాళ్లు తల ఎత్తుకొని నడవడం మనకు కొత్త కాదు. దూరం పోనక్కరలేదు. మన సంగారెడ్డి జిల్లాలోనే ఉంది.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్ అనే ఊరు ఉంది. అక్కడ 1983 నుంచి ‘దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ’ అనే సంస్థ పని చేస్తున్నది. అందులో ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఉన్నాయి. చాలామంది దళిత ఆడవాళ్లు. కూలి చేసుకొని బతికినవాళ్లు. కొంచెం కొంచెం చెల్క సాగు చేసుకొని జొన్న, కొర్ర, సామ, కంది వంటి పాత పంటలు నిలబెట్టారు.

ఏటా సంక్రాంతి రోజుల్లో అక్కడ ‘పాత పంటల జాతర’ మొదలవుతుంది. ఎడ్లబండ్లను సింగారిస్తారు. బండ్ల మీద రకరకాల విత్తనాలు పెడతారు. బండ్లు ఊరూరా తిరుగుతాయి. ముందు ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ నడుస్తారు. వాళ్లలో తల నెరిసిన అవ్వలు ఎందరో. ఏ విత్తనం ఎప్పుడు వేయాలి, ఏది పురుగు పట్టకుండా ఎట్లా దాచాలి అని వాళ్లే చెబుతారు. అక్కడ ముడతలు ఎవరూ లెక్కపెట్టరు. తెలివిని లెక్కపెడతారు.

ఆ సంఘం ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2008లో మాచనూరులో ‘సంఘం రేడియో’ పెట్టారు. దాన్ని నడిపేది ఆడవాళ్లే. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇంకో సంగతి. మన బతుకమ్మను తలచుకోండి. చిన్నపిల్ల వస్తుంది. కోడలు వస్తుంది. అత్త వస్తుంది. పండ్లు ఊడిన అవ్వ కూడా వస్తుంది. అందరూ మంచి చీర కడతారు. కొప్పులో పూలు పెడతారు. అందరూ ఒకే గుండ్రంలో తిరుగుతారు. ఒకరు ముందు, ఒకరు వెనుక అని ఉండదు. మార్కులు వేసేవారు ఉండరు. పాట ఎత్తేది మాత్రం ఎక్కువగా పెద్దవాళ్లే. ఎందుకంటే పాటలు వాళ్లకే ఎక్కువ తెలుసు.

అయినా మనలో ఒక లోటు ఉంది. భర్త పోయిన ఆడదాన్ని బొట్టు పెట్టుకోవద్దంటాం. పూలు పెట్టుకోవద్దంటాం. రంగు చీర కడితే నలుగురం నాలుగు మాటలు అంటాం. కొరియా అవ్వను చూసి నవ్వే ముందు మనం మన వాడకట్టులో ఎవరి మీద ఏ గీత గీశామో చూసుకోవాలి.

చివరి మాట

ఆ సాయంత్రం పేపరు చదవడం అయిపోయింది. మొదట నవ్విన వదిన ఇప్పుడు నవ్వడం లేదు.

“అందాల పోటీకి మనం పోకపోతిమి. అది మన పని కాదు. కాని చక్కగ తయారయితే ఏం తప్పు? ఎవరి కోసమో కాదు, మన కోసమే” అన్నది.

ప్యాకింగు అక్క లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చింది. దీపం కింద పట్టుకొని వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. నిరుడు ఇదే కార్డు ఆమెకు వట్టి గీతలు. ఈ ఏడాది అది పుట్టిన తేదీ.

“యాభై రెండు” అన్నది గట్టిగా. “రేపు ఆఫీసుల చెప్పి సరి చేయించుకుంట.”

పెద్దమ్మ తన బొట్టు పెట్టె తెచ్చి ఆ అక్క ముందు పెట్టింది. ఏమీ అనలేదు. అక్క కొంచెంసేపు దాని వైపు చూసింది. తర్వాత వేలితో ఒక చిన్న బొట్టు పెట్టుకుంది.

వయసు దాచుకునేది కాదు. వయసంటే మనం బతికిన బతుకు, చేసిన పని, నేర్చిన నేర్పు. వాటిలో సిగ్గుపడేది ఏముంది?

చదివినాక మాట్లాడుకోండి

1. మిస్ యూనివర్స్ పోటీలో వయసు నియమం ఎప్పుడు మారింది? ఎట్లా మారింది?

2. ముసలి ఆడవాళ్లు అందాల పోటీలో నిలబడడం మంచిదని కొందరు, కాదని కొందరు అంటారు. మీరేమంటారు? ఎందుకు?

3. “ఈ వయసులో నీకిది ఎందుకు?” అని మిమ్మల్ని ఎవరైనా అన్నారా? దేని గురించి అన్నారు? అప్పుడు మీరేం చేశారు?

4. మీ ఆధార్ కార్డులో, పీఎఫ్ కాగితంలో, బ్యాంకు పుస్తకంలో పుట్టిన తేదీ ఒకటేనా? ఇంట్లో చూసి, రేపు వచ్చి చెప్పండి.

5. మీ వాడకట్టులో అందరికంటే పెద్ద వయసు ఆమె ఎవరు? ఆమెకు తెలిసిన పాట, పంట, పని ఏమిటో అడిగి మీ నోటుబుక్కులో ఐదు వాక్యాలు రాయండి.